పసుపు గీత

పానా అక్కర్లేకుండానే, నా రెండు వేళ్లకే ఆ బోల్టు తిరిగిపోయింది.

కారు కింద వెల్లకిలా పడుకుని ఉన్నాను. పైన షెడ్డు రేకుల మీద వాన. ఇంజను బలాన్ని వెనక చక్రాలకు మోసుకెళ్లే పొడవాటి షాఫ్టు వంకర తిరిగి, ఒక కొస నేల మీదకు వేలాడుతోంది. ఆ కొసను వెనక ఇరుసుకు పట్టి ఉంచాల్సిన బోల్టులు నాలుగు. మూడు కొండ దారిలో ఎక్కడో రాలిపోయాయి. నాలుగోది, ఇంకో రెండు చుట్లు తిరిగితే అదీ రాలిపోయేదే, నా వేళ్ల మధ్య వదులుగా ఆడుతోంది.

టార్చి దగ్గరికి తెచ్చి చూశాను. బోల్టు తల మీద పసుపు గీత ఉంది.

చాలాసేపు లేవబుద్ధి కాలేదు. వీపు కింద నేల చల్లగా తగులుతున్నా అలాగే పడుకున్నాను.

మా షెడ్డులో నాన్న పెట్టిన పద్ధతి ఒకటుంది. ఏ బోల్టు బిగించినా, చివరి బిగింపు అయ్యాక, దాని తల మీద నుంచి పక్కనున్న ఇనుము మీదకు రంగు పెన్నుతో ఒక గీత గీయాలి. తర్వాత ఎప్పుడు బోల్టు కదిలినా గీత విరుగుతుంది. పని చేసినవాడు అక్కడ లేకపోయినా, చూసినవాడికి తెలిసిపోతుంది. ఎవరి రంగు వారిదే. నాన్నది తెలుపు. నాన్నకు తమ్ముడు, మా బాబాయిది పసుపు. నాది ఆకుపచ్చ. అన్నకు రంగు లేదు. వాడికి విప్పడమే తప్ప బిగించడం రాదని బాబాయి ఏడిపించేవాడు. ఫలానా బోల్టు ఎవరు బిగించారని మా షెడ్డులో ఏనాడూ ఎవరూ ఎవర్నీ అడగలేదు. రంగే చెప్పేది.

అన్న అప్పుడు ఆసుపత్రిలో ఉన్నాడు. ముందు రోజే వాడి కుడికాలు మోకాలి కింది నుంచి తీసేశారు.

బోల్టును విప్పి అరచేతిలో పెట్టుకుని బయటికి వచ్చాను. నాన్న బల్ల పక్కన ముక్కాలి పీట మీద కూర్చుని ఉన్నాడు. బాబాయి కుళాయి దగ్గర చేతులు కడుక్కుంటున్నాడు. దాన్ని నాన్న చేతిలో పెట్టాను. నాన్న దాన్ని కిటికీ వెలుతురుకు ఎత్తి పట్టుకున్నాడు. తిప్పి చూశాడు. ఏదో చెప్పబోయి నోరు తెరిచాడు.

"పసుపు," అన్నాను, బాబాయి ముఖంలోకి చూస్తూ.

నాన్న నోరు మూసుకున్నాడు.

బాబాయి తడి చేత్తోనే బోల్టు అందుకున్నాడు. దాని వంక ఒక్కసారే చూసి, ఆ తర్వాత నాన్న వంక చూశాడు. ఎంతసేపు చూశాడో చెప్పలేను.

"రంగు నాదే," అన్నాడు చివరికి.

ఇంకేమైనా అంటాడని ఎదురుచూశాను. పొరపాటైందనో, ఎలా జరిగిందో తెలీదనో, ఏదో ఒకటి. ఆసుపత్రికి వెళ్లి వాడికి తనే చెప్తానని మాత్రం అన్నాడు. గడప మీద కూర్చుని బూట్లు తొడుక్కోవడం మొదలుపెట్టాడు. నాలుగు నిమిషాల్లో టైరు మార్చగల మనిషి, రెండు బూట్ల తాళ్లు కట్టుకోవడానికి అర్ధగంట తీసుకున్నట్టు అనిపించింది. కట్టిన ముడి విప్పాడు, మళ్లీ కట్టాడు. తప్పు చేసిన మనిషికి ముడి కూడా సరిగ్గా పడదు కాబోలు అనుకున్నాను. అప్పటిదాకా అటే చూసిన నాన్న కిటికీ వైపు తిరిగాడు. బాబాయి లేచి వానలోనే వెళ్లిపోయాడు.

ఆ కారును అన్న వానాకాలం మొదట్లో లాగించుకొచ్చాడు. నీలం రంగు సెడాన్. పైకి చూస్తే సంసారపక్షమే. నాలుగు తలుపులు, వెనక పెద్ద డిక్కీ. లోపల మాత్రం రేసు గుర్రం. నాలుగు చక్రాలకూ ఇంజను బలం అందుతుంది. బయటికి పోయే పొగతోనే గిర్రున తిరుగుతూ ఇంజనుకు రెండింతల ఊపిరి ఊదే టర్బో ఉంది. మా దగ్గరికి వచ్చేనాటికి ఆ టర్బో చచ్చిపోయి ఉంది. లోపలి చక్రాన్ని వేలితో కదిపితే ఊడబోయే పన్నులా ఊగింది. ఆయిలు వంపితే గిన్నెలో వెండి పొడి తేలింది. వానలు వెనకపట్టాక జరిగే కొండ రేసులో దాన్ని నడపాలని, గెలిచి ఒక జట్టులో చోటు సంపాదించాలని అన్న పంతం.

బాబాయి దానికి అత్తగారు అని పేరు పెట్టాడు. ఎంత చేసినా మెచ్చుకోదు, ఒక వంక సరిచేస్తే ఇంకోటి పెడుతుంది. రోజూ పొద్దున షెడ్డు తలుపు తీస్తూ, అత్తగారు లేచిందా, రాత్రి నిద్రపట్టిందా అని విచారించేవాడు. పిన్ని మేడ మీద వంటింటి కిటికీలోంచి తొంగి చూసి, కన్నతల్లి కాళ్లు ఎప్పుడైనా ఇంత శ్రద్ధగా ఒత్తావా అని అడిగేది. అమ్మ పోయినప్పటి నుంచి మా అందరికీ పిన్నే వండి పెట్టేది.

ఏడు వారాలు ఆ కారు మీదే పడ్డాం. నాన్న టర్బోను విప్పి, కొత్త బేరింగులు వేసి, దానికి ఆయిలు తెచ్చే సన్నటి గొట్టాన్ని వెంట్రుకంత మురికి కూడా లేకుండా కడిగించాడు. ఇలాంటి బండిని బాగా ఉరికించి వచ్చాక వెంటనే ఇంజను ఆపకూడదని, ఒక నిమిషం ఊపిరి పీల్చుకోనివ్వాలని అన్నకు వంద సార్లు చెప్పాడు. టైర్ల పని నాది. నాలుగు చక్రాలూ లాగే బండికి నాలుగు టైర్లూ ఒకే చుట్టుకొలత ఉండాలి. ఒకటి కాస్త అరిగినదైనా లోపల పళ్లచక్రాలు ఒకదాన్నొకటి తినేస్తాయి. దర్జీలా మెడలో టేపు వేసుకుని నాలుగింటినీ కొలిచాను. ఒకటి తేడాగా ఉంది.

నాన్న దగ్గర ఒక పాత టార్క్ పానా ఉండేది. ఎంత బలంతో బిగించాలో పిడి మీద చెక్కిన అంకెల దగ్గర తిప్పి పెట్టుకుంటే, ఆ బలం అందగానే అది క్లిక్కుమంటుంది. క్లిక్కుమంటే బోల్టు మాట ఇచ్చినట్టు, ఆ తర్వాత దాన్ని అనుమానించకూడదు అనేవాడు. నాన్న చెవి మీద ఊళ్లో మెకానిక్కులందరికీ గురి. గేటు దగ్గర బండి ఆగకముందే దాని జబ్బు చెప్పేవాడు.

మధ్యాహ్నం అందరం తిన్నాక, నాన్న బల్ల పక్కనున్న పాత కారు సీటు మీద గంటసేపు కునుకు తీసేవాడు. బాబాయి ఎప్పుడూ మాతో కలిసి తినేవాడు కాదు. చేతిలో పని ఉంది, మీరు కానివ్వండి అనేవాడు. చల్లారిపోయిన అన్నం పెట్టడం తనకు శిక్షా లేక తినడం ఆయనకు శిక్షా అని పిన్ని సణిగేది.

ప్రమాదం జరిగిన రోజు పొద్దున నేను నాలుగో టైరు కోసం బజారుకు వెళ్లాను. నాన్నా బాబాయీ వంతులవారీగా కారు కింద ఉన్నారు. నేను తిరిగొచ్చేసరికి పదకొండు దాటింది. టైరు ఎక్కించి కారును నేల మీదకు దింపాం. వారం రోజులుగా పడుతున్న వాన అప్పుడే తెరిపి ఇచ్చింది. మళ్లీ వాన పట్టేలోగా ఒకసారి కొండ ఎక్కించి వస్తానని అన్న కారు తాళం చేతిలోకి తీసుకున్నాడు.

"భోంచేసి వెళ్లరా," అన్నాడు బాబాయి.

వచ్చి తింటానన్నాడు అన్న. ఖాళీ కడుపుతో కొండ ఎక్కకూడదన్నాడు బాబాయి. గంటలో కొండ ఎక్కడికీ పోదన్నాడు. ఆఖరికి అన్న చేతిలోని తాళాన్ని పట్టుకున్నాడు. అన్న నవ్వి విదిలించుకున్నాడు.

"అత్తగారు పిలుస్తోంది బాబాయ్, ఆలస్యమైతే అలుగుతుంది."

నలభై నిమిషాలకు ఫోను వచ్చింది. మూడో మలుపులో కారు కింద షాఫ్టు ఊడిపడి, బండి గిరికీలు కొట్టి గోడకు గుద్దుకుంది.

ఆసుపత్రిలో బాబాయి ఏం చెప్పాడో నేను వినలేదు. అన్న మంచం పక్కనున్న గ్లాసు తీసి విసిరాడని నర్సు చెప్పింది. తను ఇంటికి వచ్చేనాటికి ఆ మనిషి అక్కడ ఉండకూడదని అన్న నాన్నకు కబురు పెట్టాడు. నాన్న అవుననలేదు, కాదనలేదు. రెండు రోజుల తర్వాత బాబాయీ పిన్నీ మేడ ఖాళీ చేశారు. పిన్ని నా చేతిలో వంటింటి తాళం పెడుతూ, మీ నాన్నకు ఉప్పు తగ్గించి వెయ్యమ్మా అంది. బాబాయి తన పానాలు మూటకట్టుకున్నాడు. రంగు పెన్నులు మాత్రం బల్ల మీది డబ్బాలోనే వదిలేశాడు. వాటితో ఇక పని లేదనేమో అనుకుని, నేనూ వాటిని ముట్టుకోలేదు.

ఆ తర్వాత ఇల్లు ఇల్లులా లేదు. నేను వండింది ముగ్గురం తలో మూల కూర్చుని తినేవాళ్లం. అన్న షెడ్డుకు వీపు పెట్టి వసారాలో కూర్చునేవాడు. ఒక రోజు తన బూట్లు తెప్పించుకుని, ఎడమది తొడుక్కుని, కుడిది నా చేతికి ఇచ్చాడు.

"ఎవరికైనా ఇచ్చెయ్. జత అడిగితే మాత్రం లేదను."

నవ్వాలని చూశాను. వాడు కూడా చూశాడు. ఇద్దరికీ రాలేదు.

బాబాయి పేరు ఎవరూ ఎత్తలేదు. నాకు ఎదురుపడకపోయినా రోజూ ఆయన మీద కోపం పెంచుకున్నాను. పానా పట్టుకోవడం నాకు నేర్పింది ఆయనే. చిన్నప్పుడు నన్ను నట్టూ అని పిలిచి, భుజం మీద కూర్చోబెట్టుకుని ఇంజను చూపించింది ఆయనే. అలాంటి మనిషి నాలుగు బోల్టులు సరిగ్గా బిగించలేకపోయాడే అని.

నాన్న పని మానలేదు. వెలుతురు చాలడం లేదని నా చేత రెండుసార్లు ట్యూబులైటు మార్పించాడు. వానాకాలం కదా, మబ్బు అన్నాడు. పానా మీద అంకె చదవమని నన్ను పిలిచేవాడు, కళ్లజోడు ఇంట్లో మర్చిపోయానని. కళ్లజోడు జేబులోనే ఉండేది. కొడుక్కి అలా జరిగాక ఏ తండ్రికైనా మతి మతిలో ఉంటుందా అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను.

బాబాయి వెళ్లిన ముప్పై రెండో రోజు. సామాన్లు మోసే ఒక వ్యానుకు నాన్న ముందు చక్రాల బేరింగులు మార్చాడు. కిందికి దింపేముందు ఒకసారి చూద్దామని వంగాను. బోల్టుల మీద గీతలు పసుపుగా ఉన్నాయి.

వేలితో తాకాను. రంగు వేలికి అంటుకుంది. ఇంకా ఆరలేదు.

నాన్న కుళాయి దగ్గర చేతులు కడుక్కుంటున్నాడు. నేను పానా తెచ్చి, సరైన అంకె దగ్గర పెట్టి, ఒక బోల్టును పట్టి చూశాను. పావు చుట్టు తిరిగాక క్లిక్కుమంది. రెండోదీ అంతే. అన్నిటినీ చప్పుడు కాకుండా బిగించాను. లేచి, నీ పెన్ను ఒకసారి ఇవ్వు నాన్నా అన్నాను. నాన్న చేతులు తుడుచుకుని బల్ల దగ్గరికి వచ్చాడు. డబ్బాలో తెల్ల పెన్నులు మూడు, పసుపువి రెండు ఉన్నాయి. తడుముకోకుండా ఒకటి తీసి నా చేతిలో పెట్టాడు.

పసుపుది.

తీసుకుని జేబులో పెట్టుకున్నాను. ఆ పూట వంటలో ఉప్పు వేశానో లేదో కూడా గుర్తులేదు.

బాబాయి బస్సు డిపోలో బస్సులు కడుగుతున్నాడని తెలిసింది. వెళ్లేసరికి మోకాళ్ల దాకా రబ్బరు బూట్లు వేసుకుని ఒక బస్సు కింద నీళ్లు కొడుతున్నాడు. నన్ను చూసి గొట్టం కట్టేశాడు. తిన్నావా అని అడిగాడు. నేను పసుపు అంటిన వేలు చూపించాను. ఎంత తోమినా గోరు పక్కన ఆ మరక పోలేదు.

ఆయన ఆ వేలి వంక చూసి, బస్సు మెట్టు మీద కూర్చున్నాడు.

నిరుడు చలికాలం నుంచే తనకు తెలుసన్నాడు. తను ముట్టని బండ్ల మీద తన రంగు గీతలు కనపడటం మొదలైందట. మొదట తనకే మతిమరుపు అనుకున్నాడట. తర్వాత ఒక రోజు నాన్న పానాను చేయి చాచి దూరంగా పట్టుకుని, కళ్లు చికిలించి చూడటం కనిపించింది. డాక్టరు దగ్గరికి వెళ్దామంటే, నాకేం, గుండుసూది పడినా వినపడుతుంది అన్నాడట నాన్న. అంతటితో బాబాయి ఊరుకున్నాడు. రోజూ మధ్యాహ్నం నాన్న కునుకు తీసే గంటలో, నాన్న బిగించిన ప్రతి బోల్టునూ మళ్లీ బిగించేవాడు. పిన్ని తిట్టిన తిట్లన్నీ ఆ గంటకే.

"మరి ఆ రోజు?" అన్నాను.

"ఆ రోజు వాడు అన్నం తిని వెళ్లలేదుగా, నట్టూ."

డిపోలో ఎక్కడో ఒక బస్సు స్టార్టు కాలేక దగ్గుతోంది. ఇద్దరం అలవాటు కొద్దీ దాన్ని విన్నాం.

ఇన్నాళ్లూ ఎందుకు చెప్పలేదని అడిగాను. ఆయనకు పానా పట్టుకోవడం నేర్పింది నాన్నేనన్నాడు.

"ఆయన చేతిలోంచి నేనెలా లాక్కోనే? దాచిపెట్టింది నేను. ఆ మాటకొస్తే నా తప్పూ ఉంది. అందుకే రంగు నాదే అన్నా. మిగతాది చెప్పాల్సింది నేను కాదు."

ఇంటికి రమ్మన్నాను. మీ నాన్న పిలిస్తే వస్తానన్నాడు.

మర్నాడు మధ్యాహ్నం, కొండ దారి నుంచి వచ్చిన ఆ బోల్టునూ పసుపు పెన్నునూ నాన్న కంచం పక్కన పెట్టాను. కొట్లాడాలని ఎన్నో మాటలు కూడబెట్టుకున్నాను. నోటికి వచ్చింది ఒక్కటే.

"బాబాయి బస్సులు కడుగుతున్నాడు."

నాన్న చెయ్యి కంచంలోనే ఆగిపోయింది. తినలేదు, లేవలేదు. ఆ రోజు కునుకు కూడా తీయలేదు.

తెల్లారి ఉతికిన చొక్కా వేసుకుని, నన్ను డిపోకు తీసుకెళ్లమన్నాడు. దారి పొడుగునా నా భుజం పట్టుకుని నడిచాడు. ఆ చెయ్యి అంత బరువుగా ఆనినప్పుడు తెలిసింది, ఆయన ఎంత తక్కువ చూస్తున్నాడో. డిపో గేటు దాటగానే నా భుజం వదిలి, నీలం చొక్కాలో బకెట్టు మోసుకెళ్తున్న ఒకాయన ముందుకు వెళ్లి నిలబడ్డాడు.

"ఒరేయ్ తమ్ముడూ," అన్నాడు.

ఆ మనిషి ఎవరో. బిత్తరపోయి నా వంక చూశాడు. బాబాయి అవతలి బస్సు వెనక నుంచి వచ్చాడు. గబగబా వచ్చి, ఏమీ జరగనట్టే నాన్న మోచెయ్యి పట్టుకుని, ఇక్కడున్నా అన్నయ్యా అన్నాడు.

ముగ్గురం ఇంటికి వచ్చాం. వానలు వెనకపట్టి, చాలా రోజుల తర్వాత ఎండ కాసింది. వసారాలో అన్న బాబాయిని చూసి చంకకర్రల కోసం తడిమాడు, లోపలికి వెళ్లిపోదామని. నాన్న ఆ కర్రలకు అడ్డంగా నిలబడ్డాడు. నేను బాబాయి పక్కకు జరిగాను. నాన్న నీడ అన్న మీద పడింది. ఎవరు ఎక్కడున్నారో సరిగా తెలియక, ఆయన ముందు కుర్చీ పిడి తడిమి, తర్వాత అన్న భుజం మీద చెయ్యి వేశాడు.

"కూర్చోరా. నిన్ను ఇలా చేసింది బాబాయి కాదు. నేను. ఆ షాఫ్టు బోల్టులు నాలుగూ నేనే బిగించా. పానా ఎనిమిది దగ్గర పెట్టాననుకున్నా. మూడో ఎనిమిదో నాకు తెలీలేదు. ఏడాదిగా తెలీట్లేదు. అడిగితే మీకు తెలిసిపోతుందని అడగలేదు. క్లిక్కుమంది, గీత గీశా. చెల్లి ఆ బోల్టు తెచ్చి చేతిలో పెట్టినప్పుడు నాకది తెల్లగానే ఉంది. నాదే అని చెప్పడానికి నోరు తెరిచా. అది పసుపు అంది. పసుపు అనగానే, నా తర్వాత వీడు మళ్లీ బిగించాడేమో, తప్పు వీడిదేమో అని ఒక్క క్షణం ఆశపడ్డా. ఆ క్షణంలో దాక్కున్నవాణ్ని ఇవాళ్టిదాకా బయటికి రాలేదు. నాకు నీ మొహం కనపడదురా ఇప్పుడు. అంకెలు కనపడవు, రంగులు కనపడవు. కానీ ఆ రోజు వీడు గడప మీద కూర్చుని బూట్ల తాళ్లు కట్టాడు, విప్పాడు, మళ్లీ కట్టాడు, నేను చెప్తానేమో అని. అది మాత్రం నాకు బాగానే కనపడింది."